చేపిద్దాం

ఉదయం ఆరూ ఇరవైకి నల్లా వచ్చింది. తొంభైల నడుమ చిక్కడపల్లిలో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. ముందు పైపులో గాలి బుస్సుమనేది, తర్వాత నీళ్లు. ఆ చప్పుడుకు లేచి, బిందె పెట్టడానికి పోతూ బాపు గదిలో లైటు వేశాను. ఆయన మంచం తలాపు దగ్గర గోడ మీద అరచేయంత తడి మచ్చ కనిపించింది. ముట్టుకున్నాను. చల్లగా ఉంది. సున్నం వేలికి అంటింది. వానలు వెళ్లి నెల దాటింది, దసరా కూడా అయిపోయింది. వాన తడి కాదు.

"బాపూ, గోడ తడిసింది."

"చూసిన." ఆయన కళ్లు తెరవలేదు. "మొన్ననే చూసిన."

నేను బిందె పెట్టడానికి వెళ్లిపోయాను. నల్లా ముప్పావు గంటే ఉంటుంది. ఆ తర్వాత వంట, కాలేజీ. ఆ రోజు మళ్లీ మచ్చ గురించి అనుకున్నట్టు గుర్తు లేదు.

అది కింది పోర్షను. ముందు గది, లోపల రెండు గదులు, వంటిల్లు, బయట చిన్న వసారా. పై అంతస్తులో ఓనరు ఉండేది. భర్త పోయిన మనిషి, బాపు కంటే ఐదారేళ్లు చిన్న. మేము ఆ ఇంట్లో దిగి పదకొండేళ్లయింది. మొదటి ఏడాదిలోనే ఆమె బాపును అన్న అనడం, బాపు ఆమెను చెల్లె అనడం మొదలైంది. దాంతో నాకు అత్తమ్మ అయింది. దిగిన మూడో ఏట మా అమ్మ పోయినప్పుడు పదకొండు రోజులు మా ఇంటికి అన్నం పైనుంచే వచ్చింది. కిరాయి మాత్రం ప్రతి నెలా ఐదో తారీకున బాపు స్వయంగా పైకెక్కి ఇచ్చి వచ్చేవాడు. నన్ను పంపేవాడు కాదు.

బాపు కోర్టు గుమాస్తా. ముప్పై ఏళ్లకు పైగా కిరాయి కేసులు నడిచే కోర్టులో పనిచేసి రిటైరయ్యాడు. అర్జీలు, వాంగ్మూలాలు, తీర్పులు నకళ్లు రాసి రాసి, ఇంటి రిపేరు ఎవరు చేయించాలన్న తగాదా ఎట్లా మొదలై ఎక్కడ తేలుతుందో ఆయనకు తెలిసిపోయింది. ఈ సంగతి గల్లీలో పాకింది. సాయంత్రం పూట వసారాలోని బల్ల మీద ఇద్దరేసి వచ్చి కూర్చునేవాళ్లు, ఒకరు ఓనరు, ఒకరు కిరాయికున్నవాళ్లు. నారాయణగూడ నుంచి, ఒకసారి నల్లకుంట నుంచి కూడా వచ్చారు. బాపు ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. తగాదా తేలేదాకా వాళ్లకు చాయ్ కూడా ఇవ్వనిచ్చేవాడు కాదు. ముందు చాయ్ తాగితే మొహమాటపడి ఒప్పుకుంటారని ఆయన అనుమానం.

ఆయన అడిగేది ఒకటే ప్రశ్న. ఖాళీ చేసేటప్పుడు దీన్ని తీసుకపోతవా? తీసుకుపోయేదైతే నీది, పోనిదైతే ఓనరుది. దీనికి ఒక మినహాయింపు ఉండేది. చేతి వాడకంతో అరిగేది ఆ చేతిది. అందుకని నల్లా ఓనరుది, లోపలి వాషర్ కిరాయిదారుది. బల్బు కిరాయిదారుది, హోల్డరు ఓనరుది. వినడానికి చిన్నపిల్లల ఆటలాగా ఉంటుంది గానీ, చాలావరకు పని చేసేది.

ఒక గొళ్లెం తగాదా బాగా గుర్తుంది. పక్క సందులో కిరాయికున్న ఒకావిడ, ఆమె ఇంటి ఓనరు ఇద్దరూ ఒకే రిక్షాలో వచ్చారు. నడిచి రాగల దూరమే.

"చెప్పు తల్లీ," అన్నాడు బాపు.

"బాత్రూం గొళ్లెం ఊడింది సార్. వారం నుంచి లోపల పాట పాడుకుంట స్నానం చేస్తున్నం, మనిషి ఉన్నట్టు తెల్వనీకె."

"ముందు ఆ పాట బంద్ చేపియ్యుండ్రి సార్," అన్నాడు ఓనరు. "పిల్లలు చదువుకుంటలేరు. పరేషాన్ ఉన్నది ఇంట్ల."

"గొళ్లెం ఏపియ్యి, పాట బందైతది."

"ఖాళీ చేసిన రోజు ఆ గొళ్లెం ఊడబీక్కొని పోతవా?" బాపు ఆమెను అడిగాడు.

"నాకెందుకు సార్ అది."

"అయితే నీది కాదు." ఓనరు వైపు తిరిగాడు. "నీది."

"మరి స్క్రూలు సార్? తలుపు ధనధన కొట్టి కొట్టి వదులు జేసింది వీళ్లే."

"స్క్రూలు ఆమెవి."

"నాలుగు స్క్రూలు నేనే తెస్త సార్," అందామె లేస్తూ. "బిగిచ్చేది మాత్రం ఈయన. ఆడమనిషి తోని అది గూడ చేపియ్యొద్దు."

అప్పుడు చాయ్ ఇచ్చాను. పోయేటప్పుడు ఓనరు రిక్షాలో చోటు ఉన్నా నడిచి పోయాడు, ఆమె ఒక్కతే ఎక్కింది. ఎందుకో తెలియదు.

బాపుకు ఇంకో నియమం ఉండేది. తన సొంత విషయంలో చెప్పేవాడు కాదు. "నా దాంట్ల నేను చెప్తే అది తీర్పు కాదు, అడుక్కునుడు," అనేవాడు.

నేను మచ్చ చూసిన నాలుగో రోజున అత్తమ్మ కిందికి వచ్చింది. కొంగు నడుముకు చెక్కుకుని గోడ ముందు నిలబడింది.

"ఏందన్నా, గోడకు ఇండియా మ్యాపు గీసినవ్?"

"నేను గీయలేదు చెల్లె. దానంతట అదే వచ్చింది."

"శ్రీలంక ఇంక రాలేదు."

"వస్తది. జర టైం పడ్తది."

ఇద్దరూ నవ్వారు. ఆమె గోడను వేలితో నొక్కి చూసింది. నీళ్ల ట్యాంకు నుంచి బాత్రూంకు దిగే ఇనుప పైపు ఆ గోడలోనే ఉందని ఇద్దరికీ తెలుసు.

"చేపిద్దాం అన్నా."

"చేపిద్దాం చెల్లె. ఏం తొందర."

ఆమె పైకి వెళ్లింది. బాపు పేపరు తీశాడు. నేను వంటింట్లో నిలబడి ఇదంతా విన్నాను. పని కుదిరిందనే అనుకున్నాను.

నేను నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. మేము వేరు, మనం వేరు అని ఏటా పిల్లలకు చెప్పేదాన్ని. మేము అన్నప్పుడు ఎదుటివాడు బయట ఉంటాడు, మనం అన్నప్పుడు లోపల ఉంటాడు. చేస్తాం అంటే చేసేవాళ్లు ఎవరో తెలుస్తుంది. చేద్దాం అంటే అందరూ చేసేవాళ్లే. ఇక చేపిద్దాం సంగతి చెప్పాలంటే, చేసేది మూడోవాడు, చేయించేది ఇద్దరూ. ఎవరు కబురు పెట్టాలో, ఎవరు ఖర్చు పెట్టాలో ఆ మాటలో లేదు. మర్యాద కోసం అనే మాట అది. చేపిస్త అంటే ఎదుటి మనిషి ఖర్చు నా నెత్తిన వేసుకున్నట్టు, చేపియ్యి అంటే అడిగినట్టు. చేపిద్దాం అంటే ఎవరికీ నొప్పి లేదు. ఇవన్నీ నాకు అప్పుడు తట్టలేదు. తర్వాత కూర్చుని ఆలోచిస్తే తట్టాయి. తట్టి కూడా ఉపయోగం లేని సమయం అది.

దీపావళి నాటికి మచ్చ మంచం పట్టె దాకా దిగింది. శ్రీలంక కూడా వచ్చింది. సున్నం పొరలు పొరలుగా ఊడి దిండు మీద పడేది. రోజూ పొద్దున దులిపేదాన్ని. కింది అరలో ఉన్న బాపు పాత చట్టం పుస్తకాలు బూజు పట్టాయి, వాటిని వంటింటి అటక మీదికి మార్చాం. మంచాన్ని గోడ నుంచి రెండు జానల దూరం జరిపాం. అంతకు మించి జరిపితే తలుపు తెరుచుకోదు. ముందు గదిలో పడుకొమ్మన్నాను. మనుషులొచ్చి పోయే గదిలో పండుకోను అన్నాడు. నా గదిలో పడుకుంటే నేను ముందు గదిలో పడుకుంటానన్నాను. ఆయన దిండు సర్దుకుని అటు తిరిగి పడుకున్నాడు.

ఆయనకు దమ్ము, అంటే ఉబ్బసం, పాత జబ్బే. చలికాలంలో కొంచెం ఎక్కువయ్యేది, వేసవికి తగ్గేది. ఆ ఏడు కార్తీకంలోనే మొదలైంది. నారాయణగూడలో మాకు అలవాటైన డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు, మందులు రాశాడు, గది ఎట్లా ఉంటుందని అడిగాడు. చెప్పాను.

"గది పొడిగ ఉండాలె. సొంతిల్లా, కిరాయా?"

"కిరాయి."

"ఓనర్‌కు చెప్పుండ్రి మరి."

"చెప్పినం," అన్నాను. అబద్ధం కాదు.

అత్తమ్మ వారానికోసారి వచ్చేది. వచ్చినప్పుడల్లా గోడ చూసి, "అయ్యో అన్నా, దీన్ని చేపియ్యాలె," అనేది. బాపు, "అవును చెల్లె, చేపియ్యాలె," అనేవాడు. ఇద్దరికీ అబ్బిన పాఠంలాగా అయిపోయింది. ఒకసారి ఆమె పైనుంచి ఇటుకలు, బొగ్గు నిండిన కుంపటి తెచ్చి గోడ దగ్గర పెట్టింది, తడి లాగుతుందని. రెండు గంటలు పెడితే గోడ ఆరలేదు గానీ బాపు పొగకు దగ్గాడు. కుంపటి మళ్లీ పైకి పోయింది.

డిసెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఆయన్ని నిలదీశాను.

"అందరికీ చెప్తవు. మనది చెప్పవు. పైపు గోడ లోపల ఉన్నది. ఖాళీ చేసేటప్పుడు తీసుకపోతమా దాన్ని?"

ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత గోడకున్న అమ్మ ఫోటో చూపించాడు.

"దానికి మొల ఎవరు కొట్టిండ్రు?"

"నువ్వే."

"ఎప్పుడు?"

"శ్రావణంల. పాతది వదులైందని."

"పెద్ద మొల. నాలుగంగుళాలది. కొడుతుంటే లోపల ఖంగుమన్నది. ఇనుము మీద వడ్డట్టు." చేత్తో చూపించాడు. "రెండు నెలలకు తడి వచ్చింది."

నేను ఫోటో వైపు చూశాను. మచ్చ ఫోటోకు కుడివైపు నుంచి మొదలై కిందికి దిగింది. మొల నుంచి మొదలైందంటే నమ్మవచ్చు. కాదంటే అది కూడా నమ్మవచ్చు.

"అయితే మనమే చేపిద్దాం."

"ఆమె గోడ ఆమెను అడగకుంట పగలగొడ్తమా?"

"అడుగుదాం."

"అడిగితే ఎందుకంటది. చెప్పాలె. చెప్తే ఊకుంటదా? మొల గిల జాన్తానై, ఇల్లు నాది, నేనే పెట్టుకుంట అంటది. తప్పు నాదైతే ఖర్చు ఆమెదా?"

"తప్పు నీది కాకుంటే?"

"అదే కద తెల్వనిది. మొల అయితే నాది, పైపు అయితే ఆమెది. గోడ పగలగొడ్తే తప్ప తెల్వది. గోడ ఎవరు పగలగొట్టాలె అన్నది ముందు తేలాలె." ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి పోయింది. "కోర్టుల ఉన్నప్పుడు ఇసొంటి కేసు రాలేదు. వస్తే నకలు రాసేటోన్ని, చదివి నవ్వుకుందుము."

మొల పీకి చూద్దామన్నాను. పీకితే నీళ్లు చిమ్మవచ్చు, ఆగకపోవచ్చు అన్నాడు. అదీ నిజమే.

కాలేజీకి పోయే దారిలో, నారాయణగూడ చౌరస్తాకు ఇటువైపు, పొద్దున కూలీల అడ్డా ఉండేది. పాలమూరు నుంచి వచ్చినవాళ్లు తట్టలు, పారలు ముందు పెట్టుకుని నిలబడేవాళ్లు. అందులో ఒక మేస్త్రి మా గల్లీలో మురుగునీళ్ల మోరీలు కట్టినవాడు. నన్ను గుర్తుపట్టి పలకరించేవాడు. గోడ సంగతి ఆయనకు అత్తమ్మ చెప్పిందో, నేనే చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు.

"మేడం, గోడ పని ఉన్నదన్నరు?"

"చెప్త అన్నా."

"పొద్దుగాల వస్తే మాపటికల్ల అయిపోతది. ఒక్కనాటి పని."

"ఎవరు చేపియ్యాలె అన్నది తేలలేదు."

"మీరు మీరు తర్వాత కొట్లాడుకోండ్రి, నేనైతే గోడ తోని కొట్లాడుత," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. బస్సు వచ్చింది, అందరం పక్కకు జరిగాం.

రోజూ ఆయన్ని దాటుకునే పోయేదాన్ని. నాకు జీతం వచ్చేది. ఒక్క మాట అంటే మరుసటి రోజు వచ్చేవాడు. ఆ నెలన్నరలో ఆ అడ్డాను ఎన్నిసార్లు దాటానో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాలని కూడా లేదు.

జనవరిలో, నేను చెప్పులు వేసుకుంటుండగా బాపు మంచం మీద నుంచే పిలిచాడు. రాత్రంతా కూర్చునే ఉన్నాడని దిళ్లు చూస్తే తెలిసింది. పడుకుంటే ఊపిరి అందడం లేదు.

"పోతు పోతు జర ఆ మేస్త్రికి చెప్పి పో. ఎవరిదైతే ఏంది."

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఎవరిదైతే ఏంది అన్న మాట ఆయన నోటి నుంచి వినలేదు. ముప్పై ఏళ్లు ఆయన బతికిందే ఎవరిది అన్న ప్రశ్న మీద. నేను అది గమనించాల్సింది. గమనించలేదు. ఆ రోజు నుంచి కాలేజీలో ప్రీఫైనల్ పరీక్షలు. నాకు ఏడున్నరకు డ్యూటీ. గోడ పగలగొడితే ఇల్లంతా దుమ్ము, ఆ దుమ్ములో ఈయన్ని ఎక్కడ పడుకోబెట్టాలి, నేను సెలవు పెట్టాలి, ఇవన్నీ ఒక్క క్షణంలో తోచాయి.

"చేపిద్దాం బాపూ," అన్నాను. "పరీక్షలు అయిపోనీ. తొమ్మిది రోజులు."

"సరె."

మేస్త్రి అడ్డా మీద ఉన్నాడు. చెయ్యెత్తాడు. నేను కూడా ఎత్తాను.

ఆరో రోజు మధ్యాహ్నం కాలేజీకి కబురు వచ్చింది. అత్తమ్మ ఆటో పిలిపించి ఆసుపత్రికి తీసుకుపోయింది. నేను వెళ్లేసరికి ఆయన ముక్కుకు గొట్టం పెట్టారు. నాలుగు రోజులున్నాడు. రెండో రోజు కొంచెం తేరుకుని, పరీక్షలు అయినయా అని అడిగాడు. ఇంకా రెండున్నాయని చెప్పాను. గోడ గురించి అడగలేదు. నాలుగో రోజు తెల్లవారాక పోయాడు.

చెమ్మ వల్లనేనా అని తర్వాత నారాయణగూడ డాక్టరును అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అదొక్కటే అని చెప్పలేమన్నాడు. చెమ్మ లేకున్నా ఆ వయసులో ఆ ఊపిరితిత్తులకు చలికాలం కష్టమేనన్నాడు. చెమ్మ ఉంటే మరింత కష్టమన్నాడు. నేను థాంక్సు చెప్పి వచ్చాను. బస్సు దొరకలేదు, నడిచి వచ్చాను.

కర్మలు అయ్యాక వచ్చిన సోమవారం మేస్త్రి వచ్చాడు. నేను పిలవలేదు. అత్తమ్మ కూడా తాను పిలవలేదంది. గల్లీలో విని తనే వచ్చాడట. ఉలి, సుత్తి తెచ్చాడు. ముందు చెప్పులు విడిచి, గోడకున్న అమ్మ ఫోటో తీసి నా చేతికిచ్చాడు.

"ఎక్కడ మొదలు వెట్టమంటరు?"

"మొల దగ్గర," అన్నాను.

అత్తమ్మ తలుపులో నిలబడింది. మొల చుట్టూ గచ్చు కొట్టాడు. చెమ్మకు నానిన గోడ కాబట్టి తేలికగానే రాలింది. మూడంగుళాల లోపల మొల మొన ఒక నల్లరాయికి ఆని వంకరపోయి ఉంది.

"రాయి," అన్నాడు. ఉలితో దాని మీద కొట్టాడు. ఖంగుమంది. "గోడ కట్టేటప్పుడు ఎవడో ఇటుక తక్కువైతే రాయి వెట్టిండు. ఇక్కడ పైపే లేదు మేడం."

పైపు మొల నుంచి మూరెడు దూరంలో, పైన ఉంది. బాత్రూం వైపు తిరిగే చోట జాయింటు తుప్పు పట్టి, వేలు పెడితే పొడి రాలుతోంది. నీళ్లు అక్కడ కారి, గోడలో పక్కకు పాకి, మొల దగ్గర బయటపడ్డాయి. అక్కడ గచ్చు పలచగా ఉందట.

మొల సంగతి అత్తమ్మకు అప్పుడు చెప్పాను. శ్రావణంలో బాపు కొట్టడం, ఖంగుమనడం, తనదే తప్పేమోనని ఊరుకోవడం, అంతా. ఆమె వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"మొల కోసమా?" అంది.

"మీరెందుకు చేపియ్యలేదు అత్తమ్మా?"

"నేను మేస్త్రిని పిలిస్తే అన్న ఊకుంటడా? పైసలు తెచ్చి చేతుల పెడ్తడు. వద్దంటే వినడు. పింఛను మీద బతికే మనిషి తోని నా గోడ కట్టిపియ్యాల్నా అనుకున్న. ఆయనే చేపియ్యి చెల్లె అని ఒక్క మాట అంటే, అడిగిండు గాబట్టి చేపిచ్చిన అనేదాన్ని. ఆ మాట కోసం చూసిన." పట్టె మీది సున్నం చేత్తో దులిపింది. "అనలేదు."

నాకు ఏడుపు రాలేదు. ఆమె కూడా ఏడవలేదు. మేస్త్రి సుత్తి కింద పెట్టి, బయట బీడీ తాగి వస్తానని వెళ్లాడు.

తొమ్మిది రోజుల మాట ఆమెకు నేను చెప్పలేదు. ఆమె చెప్పగలిగింది. నా వంతు వచ్చినప్పుడు గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

మాపటికి పని అయిపోయింది. మేస్త్రి అన్నట్టే ఒక్కనాటి పని. కొత్త జాయింటు, కొత్త గచ్చు. కూలి ఇవ్వడానికి ఇద్దరం ఒకేసారి చెయ్యి చాపాం.

"నేనిస్త," అంది అత్తమ్మ.

"బాపు పేరు మీద నేనిస్త," అన్నాను.

"ఇన్నొద్దులు ఒక్కరు గూడ పిలువలేదు," అన్నాడు మేస్త్రి. "ఇప్పుడు ఇద్దరిస్తరు. నేనెవరి దగ్గర తీసుకోవాలె?"

ఇద్దరూ నా వైపు చూశారు. వసారాలో బల్ల ఖాళీగా ఉంది.

"గోడ లోపలి పైపు," అన్నాను. "ఖాళీ చేసేటప్పుడు నేను తీసుకపోను. మీదే అత్తమ్మా."

"నాదే," అంది. ఇచ్చింది.

బాపు పద్ధతిలో నేను చెప్పిన తీర్పు అదొక్కటే. గోడ ఆరడానికి మూడు వారాలు పట్టింది. రోజూ పొద్దున అలవాటుగా దిండు దులిపేదాన్ని. ఏమీ రాలేది కాదు.

వేసవిలో గొళ్లెం తగాదా వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి ఫ్యాను రెగ్యులేటరు. బాపు పోయిన సంగతి వాళ్లకు తెలియదు. బల్ల మీద కూర్చున్నాక నేను చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఓనరు లేచి నిలబడ్డాడు. మంచినీళ్లు ఇచ్చాను. గేటు దాటాక వాళ్ల మాటలు వినిపించాయి.

"రెగ్యులేటరు నేను తీసుకపోతనా? చెప్పు."

"తీసుకపోవు. కానీ తిప్పేది నీ చెయ్యే గద."

"సగం సగం?"

"సగం సగం."

బాపు సగం సగం ఎప్పుడూ ఒప్పుకునేవాడు కాదు.

మరుసటి ఏడు నేను అశోక్‌నగర్‌లో ఒక గది పోర్షనుకు మారాను. కాలేజీకి కొంచెం దూరమే, కానీ గ్రంథాలయం దగ్గర. అత్తమ్మ ఉండమని రెండుసార్లు అంది, మూడోసారి అనలేదు. సామాను ఎక్కిస్తుంటే వచ్చి గదులన్నీ చూసింది. అమ్మ ఫోటో, బాపు ఫోటో బట్టలో చుట్టి పెట్టుకున్నాను. కొత్త గచ్చులో మేస్త్రి మళ్లీ కొట్టిచ్చిన మొల గోడకే ఉంది. తీసుకుపోలేదు కాబట్టి అది ఆమెది.

అశోక్‌నగర్ ఓనరు టైపు చేసిన కాగితం ఇచ్చాడు. చిన్న రిపేర్లు కిరాయిదారు, పెద్దవి ఓనరు అని ఉంది. ఏది చిన్నది, ఏది పెద్దది అని లేదు. చదివి సంతకం పెట్టాను. ఆ తర్వాత ఇంకో రెండిళ్లు మారాను. నల్లా కారితే ఆ రోజే వాషర్ వేయిస్తాను. గోడ తడిస్తే అదే పూట మనిషిని పిలిచి, పిలిచానని ఓనరుకు చెప్తాను. ఖర్చు ఎవరిదని వాళ్లు అడిగితే అప్పుడు మాట్లాడతాను. చేపిస్త అంటాను, లేకుంటే చేపియ్యుండ్రి అంటాను. చేపిద్దాం అనడం మానేశాను.